గోడకీ కప్పుకీ మధ్య

మా అప్పని నా దగ్గరికి రప్పించుకోవడానికి నేనొక ఇల్లు కట్టాను. మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. ఈ ఇల్లు ఎవరి కోసమో మేస్త్రికి తెలుసు, తాటాకు మోపులు దించిన ఆడవాళ్లకి తెలుసు, సాలూరు నుంచి వెదుళ్లు తెచ్చిన లారీ డ్రైవరుకి కూడా టీ తాగుతూ చెప్పేశాను. అప్పకి మాత్రం చెప్పలేదు. ఆమెతో, "ఊళ్లన్నీ కాలిపోతన్నాయి అప్పా. ఏసీ లేకుండా మనిషి బతికే ఇల్లు ఎలగుంటాదో ఒకటి కట్టి చూపిద్దామని" అన్నాను.

అదీ అబద్ధం కాదు. విశాఖపట్నంలో ఏళ్ల తరబడి అపార్టుమెంట్లు గీశాను. అద్దాలు బిగించి, గాలిని బయటికి గెంటేసి, ఆ తర్వాత అదే గాలిని కరెంటు ఖర్చు పెట్టి లోపలికి తెచ్చుకునే ఇళ్లు. నేను గీసిన ఇళ్లలో నాకే ఊపిరి ఆడేది కాదు. ఈ మాట కస్టమర్లతో అనేస్తే నా పార్టనరు బల్ల కింద కాలు తొక్కేవాడు. నాకు నోరు ఎక్కువని ఆఫీసంతా పేరు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు లేరు. ఆఫీసు వదిలేసిన రోజు అందరూ కేకు కోసి ఫోటోలు దిగారు, సాయంత్రం ఫ్లాటుకి వచ్చి తలుపు తీశాను, లోపల వేడి నన్ను తోసినంత పని చేసింది. ఇంక ఇక్కడ ఉండనని అప్పుడే అనుకున్నాను.

భావనపాడుకి ఇవతల మాకు కాస్త మెట్ట ఉంది. జీడితోట, గట్టు వెంట కొబ్బరిచెట్లు. అమ్మా నాన్నా పోయాక అప్పకీ నాకూ కలిపి మిగిలింది అదే. అక్కడ నిలబడితే సముద్రం కనబడదు గానీ వినబడుతుంది. అప్ప మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. పిల్లలు లేరు. బావ పోయాక శ్రీకాకుళంలో, వాళ్ల చర్చి వెనక, రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుంటోంది. పాపం ఒంటరిదైపోయిందని నేను తీర్మానించేశాను. రోజూ సాయంత్రం ఫోన్ చేసేదాన్ని. "ఇప్పుడే మా చర్చి సమాజం ఆడోళ్లొచ్చినారే, మళ్లీ నేనే సేస్తాను" అనేది. చేసేది కాదు. దుఃఖాన్ని దాచుకోవడానికి పనున్నట్టు నటిస్తోందని నాకు జాలేసేది.

ఇల్లు ఎలా ఉండాలన్నది నాకు ఎప్పట్నుంచో తెలుసు. మా తీరం వెంట మత్స్యకారుల పేటల్లో ఇంకా అక్కడొకటి ఇక్కడొకటి చుట్టిళ్లు మిగిలి ఉన్నాయి. గుండ్రటి మట్టిగోడ, మీద గొడుగు బోర్లించినట్టు తాటాకు కప్పు, నడుం వంచితే గానీ లోపలికి పోలేనంత కిందికి దిగిన చూరు. గుండ్రటి గోడకి మూల ఉండదు కనుక తుపాను గాలికి పట్టు దొరకదు, పక్కలనుంచి జారిపోతుంది. మండుటెండ కూడా ఆ చూరు కింద దూరలేదు. నేను అలాంటి చుట్టు గదులు రెండు గీశాను. ఒకటి అప్పకి, ఒకటి నాకు. రెంటినీ కలుపుతూ నాలుగు వైపులా తెరిచి ఉన్న సావిడి. దాని ముందు ఆకాశం కిందికి దిగే వాకిలి. ఎర్రమట్టి, సున్నం, తాటి దూలాలు, వెదురు, నాటుపెంకు, సావిడి మీద తాటాకు. సిమెంటు పునాదిలో తప్ప కనబడకూడదని పట్టుబట్టాను.

మేస్త్రితో నాకు రోజూ తగువే. "అమ్మా, దక్షిణం ఇంత బార్లా తెరిసీస్తే ఎలగ? యముడి దిక్కు కాదేటి?" అనేవాడు. "యముడు గుమ్మం చూసుకుని వస్తాడేటి?" అనేదాన్ని. మా వైపు వేసవిలో మధ్యాహ్నం దాటాక దక్షిణం నుంచే గాలి లేస్తుంది. పడమట నుంచి వచ్చేది ఒళ్లు కాల్చే గాలి. కనుక పడమటి వైపు మూరెడు మందాన మట్టి పెట్టి, ఒక్క కిటికీ కూడా లేకుండా మూసేశాను. దక్షిణం మొత్తం విడిచిపెట్టాను. మేస్త్రి తల పట్టుకున్నాడు. అతనొక్కడే అయితే నయం. క్రైస్తవులకి వాస్తు లేదు, మా చుట్టాలకి మాత్రం ఉంది. మా చిన్నమ్మ ఫోన్ చేసి, "మనం పార్దన సేసుకునీవోళ్లం, మనకి అయ్యన్నీ నేవనుకో. కానీ దక్షిణం గుమ్మం మాత్రం ఒద్దే తల్లీ" అంది. నేను ఫోన్ పెట్టేసి నవ్వుకున్నాను. ఆ నవ్వు పంచుకోవడానికి పక్కన ఎవరూ లేరు. అప్ప ఉంటే ఎంత నవ్వేదో అనుకున్నాను.

రెండో తగువు గోడల మీద. గదుల గోడల్ని కప్పు దాకా లేపొద్దన్నాను. గోడ తల మీద జానెడు ఖాళీ వదిలి, ఆ ఖాళీలో కర్రలు నిలబెట్టి, కప్పుని వాటి మీద మోయించాలి. వేడిగాలి పైకి లేచి ఆ సందులోంచి బయటికి పోతుంది, దాని వెనకే కింద నుంచి చల్లగాలి లోపలికొస్తుంది. నేను కాగితం మీద బాణాలు గీసి చూపించాను. మేస్త్రి ఆ బాణాల్ని చాలాసేపు చూసి, "పని సగంలో ఒగ్గీసి మేస్త్రి పారిపోయినాడనుకుంటారమ్మా" అన్నాడు. గది తలుపులు కూడా వద్దన్నాను. తోటకి కంచె ఉంది, గేటు ఉంది, దానికి తాళం ఉంది. లోపల మా ఇద్దరికీ మధ్య తలుపెందుకు? పొడుగాటి కర్టెన్లు చాలు. తుపాను హెచ్చరిక వస్తే కట్టుకోవడానికి గట్టి తడికలు విడిగా అల్లించి అటక మీద పెట్టించాను.

పునాది పడక ముందే ఒక ఆదివారం ప్లాను పట్టుకుని శ్రీకాకుళం వెళ్లాను. అప్ప కళ్లజోడు పెట్టుకుని, కాగితాన్ని ఎక్స్‌రే ఫిల్ములా కిటికీ వెలుతురుకి పట్టి చూసింది. నలభయ్యేళ్లు నర్సుగా చేసిన అలవాటు అది, ఏ కాగితమైనా అలాగే చూస్తుంది. చూసి చూసి, "నట్టిల్లేదే?" అంది.

మా పాత పెంకుటిళ్లలో నట్టిల్లంటే ఇంటి నడిమి గది. కిటికీ ఉండదు. ధాన్యం గాదె, అమ్మ ట్రంకు పెట్టె, ఊరగాయ జాడీలు అందులోనే. మిట్టమధ్యాహ్నం కూడా దీపం లేకుండా ఏమీ కనబడేది కాదు. చిన్నప్పుడు అందులోకి వెళ్లమంటే నాకు ఏడుపు. చదువుకున్నాక ఇంకా మంట. ఇంటికి గుండెలాంటి చోట గాలీ వెలుతురూ లేని చీకటి పెట్టుకున్నారేమిటి వీళ్లు అని. అందుకే అప్ప అలా అడగ్గానే నాకు హుషారొచ్చింది. "నట్టింట్లో ఆకాశం పెట్టానప్పా" అన్నాను గొప్పగా. బియ్యం పెట్టుకోవడానికి వంటసాలలో చోటుందని, పెట్టెలకి అటక ఉందని కూడా చెప్పాను. ఆమె మరోసారి కాగితం చూసింది. "ఆకాసం బాగున్నాది" అని మడతపెట్టి నా చేతికిచ్చింది. మెచ్చుకుందనే అనుకున్నాను. బస్సులో తిరిగొస్తూ ఆ మాటే తలుచుకుని మురిసిపోయాను.

కట్టినన్నాళ్లూ తోటలోనే, కాపలా మనిషి కోసం వేసిన రేకుల షెడ్డులో ఉన్నాను. పగలంతా బాగానే ఉండేది. మట్టి తొక్కేవాళ్లు, తాటి దూలాలు చిత్రిక పట్టేవాళ్లు, వాళ్ల కేకలు, నా కేకలు. సాయంత్రం పని దించి అందరూ సైకిళ్లెక్కి వెళ్లిపోయేసరికి ఒక్కసారిగా సముద్రం చప్పుడు పెరిగినట్టుండేది. ఆ వేళంటే నాకు భయం. సగం లేచిన గోడ పక్కన కూర్చుని, అప్ప వచ్చి ఉన్నట్టు ఊహించుకునేదాన్ని. ఇక్కడ బియ్యం ఏరుతుంది, ఇక్కడ కాళ్లు చాపుకుంటుంది, నేను ఏదో అంటాను, ఆమె నన్ను తిడుతుంది. మనిషి లేకుండా బతకడం నాకు అలవాటైపోయిందని అందరూ అనేవారు. అలవాటు కాలేదు. ఏ రోజూ కాలేదు.

అప్ప గదిని గీసినంత శ్రద్ధగా నేను జీవితంలో ఏదీ గీయలేదు. ఆమె మోకాళ్ల కోసం గుమ్మానికి మెట్టు లేకుండా వాలు పెట్టించాను. తెల్లవారే వెలుతురు బైబిల్ మీద పడేలా తూర్పున చిన్న కిటికీ. కళ్లజోడు, మాత్రలు పెట్టుకోవడానికి మంచం పక్కనే గోడలో గూడు. ఇంకొకటి కూడా పెట్టాను, అది ఎవరికీ చెప్పలేదు. నా మంచం మీంచి చూస్తే వాకిలి మీదుగా ఆమె మంచం కనబడాలి. ఆ చూపుకి ఏ స్తంభమూ అడ్డు రాకుండా సావిడి స్తంభాన్ని పక్కకి జరిపాను. మేస్త్రి ఎందుకమ్మా అని అడిగితే గాలి కోసమని చెప్పాను.

ఎండలు ముదిరేసరికి ఇల్లు పూర్తయింది. ప్రతిష్ఠ ప్రార్థనకి అప్ప చర్చి పాస్టరుగారు, సమాజం ఆడవాళ్లు వ్యానులో వచ్చారు. సావిడిలో కూర్చుని పాటలు పాడారు. ఆ పాటలు గదుల్లోకి, గదుల్లోంచి తోటలోకి ఎంత బాగా పాకాయో. ఇల్లంతా పాడుతున్నట్టుందని పాస్టరుగారు మెచ్చుకున్నారు కూడా. భోజనాలయ్యాక వ్యాను వెళ్లిపోయింది. అప్ప మాత్రం రెండు సంచులతో మిగిలింది. "ఎండాకాలం పోయిందాకా ఉంటాను లేవే" అంది. అందులో నాకు 'ఉంటాను' ఒక్కటే వినబడింది.

ఆ మొదటి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం వెలుగుతుంది. శ్రీకాకుళంలో రోడ్ల మీద జనం లేరని, ఫ్యాన్లు వేడిగాలి కొడుతున్నాయని ఫోన్లు వచ్చేవి. మా సావిడిలో మిట్టమధ్యాహ్నం చాప మీద పడుకుంటే దక్షిణం గాలి చెంగు ఎగరేసేది. అప్ప గోడని అరచేత్తో తడిమి, "సల్లగున్నాదే, జొరం తగ్గిన ఒంటిలాగ" అంది. ఇంజనీర్లు, అధికారులు నా పని మెచ్చుకున్నారు గానీ అంత మంచి మాట ఎవరూ అనలేదు. పొద్దున్నే చోడంబలి, అదే రాగి అంబలి, తాగేవాళ్లం. పచ్చి జీడిపప్పుతో ఆమె కూర వండేది. నేను ఉప్పు తక్కువైందనేదాన్ని, నీ బీపీకి అదే ఎక్కువ అని ఆమె కసిరేది. నన్ను కసిరే మనిషి ఇంట్లో ఉండడం ఎంత హాయో కసిరించుకునేవాళ్లకి తెలియదు.

అప్పకి ఒక అలవాటుంది. తెల్లవారకముందే లేచి, గదిలో తలుపు వేసుకుని, గొంతు విప్పి ప్రార్థన చేస్తుంది. మనసులో చేసుకునే రకం కాదు. ఎదురుగా కూర్చున్న మనిషితో చెప్పుకున్నట్టు అన్నీ చెప్పుకుంటుంది, ఒక్కోసారి దెబ్బలాడుతుంది కూడా. ఆసుపత్రి క్వార్టర్సులో ఉన్నప్పుడు ఆ కాసేపూ బావ వరండాలో పేపరు పట్టుకుని కూర్చునేవాడు. తలుపు తెరుచుకున్నాకే లోపలికి పోయేవాడు. ఇవన్నీ నాకు తెలిసినవే. తెలిసి కూడా, కొత్త ఇంట్లో అప్ప రోజూ చీకటుండగానే లేచి జీడితోట చివరి దాకా వెళ్లొస్తుంటే, మోకాళ్లకి నడక మంచిదే అనుకున్నాను. తోటలో పాములుంటాయని టార్చిలైటు కొనిచ్చాను.

మొదటి వానలు మొదలయ్యాయి. ఒక తెల్లవారుజామున కుండపోతగా కురుస్తోంది. అప్ప లేచిన అలికిడైంది. సావిడి అంచు దాకా వెళ్లి, వానని చూసి, వెనక్కి గదిలోకి వెళ్లిపోయింది. కర్టెన్ లాక్కున్న చప్పుడు. వాన కాస్త తెరిపి ఇచ్చేసరికి ఆమె గొంతు వినబడింది. తగ్గించే మాట్లాడుతోంది. కానీ ఆ గది గోడ తల మీద జానెడు సందు, నా గది గోడ తల మీద జానెడు సందు. వేడిగాలికి నేను వేసిన దారి అది. పక్కన కూర్చుని చెప్పినట్టు వినబడింది.

మొదట పుస్తకాల భాషలోనే మొదలుపెట్టింది, చర్చిలో అందరూ చేసే తీరులో. పరిశుద్ధుడవైన తండ్రీ, నీకు స్తోత్రములు, ఈ గృహము నిమిత్తమై నీకు స్తోత్రములు. ఆ తర్వాత గొంతు మామూలైపోయింది. "నా సెల్లి నా కోసమే కట్టింది తండ్రీ. నాకు తెల్దనుకుంటన్నాది. నానెలగ సెప్పను? నాకిక్కడ ఉండాలని నేదు. ఆయన గురుతొచ్చి ఏడుపొస్తే ఏడ్సుకోడానికి ఇంత సోటు నేదు. కళ్లు తుడుసుకునీలోపే ఏటప్పా అని ఒచ్చేస్తాది. నీతో మాటాడుకోడానికి తోటలోకి దొంగలాగ ఎల్తన్నాను. నా గది నాకు కావాల. నా తలుపు నాకు కావాల. దాని మనసు కష్టపడకుండా నన్ను ఎల్లనీ."

మంచం మీద కదలకుండా పడుకున్నాను. ముందు కోపం వచ్చింది, దాచడమెందుకు. దేవుడికి చెప్పుకుంటావు గానీ పక్కగదిలో ఉన్న నాకు చెప్పవా అని. ఎండలో నిలబడి ఒక్కో దూలం ఎంచి తెచ్చాను, నీ మాత్రల కోసం గూడు పెట్టాను, ఇదా నాకు దక్కేది అని. లేచి వెళ్లి అడిగేద్దామనుకున్నాను. కాళ్లు కింద పెట్టాను కూడా. అప్పుడు ఆమె మాటలు ఆగి ఏడుపు వినబడింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. నేను వినకుండా. నా ఇంట్లో.

అప్పుడు మా పాత ఇంటి నట్టిల్లు జ్ఞాపకం వచ్చింది. నాన్న పోయిన ఏడాది అమ్మ రోజులో ఏదో ఒక వేళ అందులోకి వెళ్లి గడియ పెట్టుకునేది. బియ్యం చెరగడానికని చెప్పేది. మొహం కడుక్కున్న తర్వాతే మాకు కనబడేది. అప్పకి మొదటి కాన్పు పోయినప్పుడు కూడా అంతే. పుట్టింటికొచ్చి ఆ చీకట్లోనే కూర్చుంది. అమ్మ గుమ్మం బయట నిలబడి మమ్మల్నెవర్నీ అటు పోనివ్వలేదు. ఆ గది గాదె కోసం, జాడీల కోసం అని నేననుకున్నాను. ఇంట్లో ఇంతమంది మధ్య ఒక మనిషి తనొక్కతే ఉండడానికి మిగుల్చుకున్న చోటది. నాకు ఒంటరితనం ఎప్పుడూ కావలసినదానికన్నా ఎక్కువే దొరికింది కనుక, దాన్ని వెతుక్కుని వెళ్లేవాళ్లుంటారని నాకు తట్టలేదు. నట్టిల్లేదే అని అప్ప అడిగింది దాని కోసం. నేను ఆకాశం ఉందని చెప్పాను.

రెండు మూడు రోజులు ఏమీ తెలియనట్టే తిరిగాను. ఆమె ముందు నటించడం నాకు చేతకాదు, వంటసాలలో గిన్నెలు చప్పుడయ్యేలా పడేశాను. చివరికి ఒక మధ్యాహ్నం, ఆమె పప్పు ఏరుతుంటే, వేరే దిక్కు చూస్తూ చెప్పేశాను.

"అప్పా, నీ గదికి తలుపు పెట్టించేస్తాను. మంచి టేకు తలుపు. గోడ కూడా కప్పు దాకా లేపించేస్తాను."

ఆమె చేట పక్కన పెట్టింది. "ఇనబడ్డాదా?" అంది.

"ఆ."

"వానలో ఇనబడదనుకున్నాను" అంది. వాన వెలిసిన వాకిలి, ఎర్రగా తడిసి, చాలా అందంగా ఉంది. ఆ అందం మీద నాకు మంట పుట్టింది.

"తలుపు పెడితే ఉంటావా మరి?" అన్నాను. నా గొంతు నాకే బేలగా వినబడింది.

"తలుపు పెట్టినా నువ్వు ఇవతల కూకుంటావే" అంది అప్ప. "ఎప్పుడు తీస్తాదా అని సూస్తా కూకుంటావు. అది నాకు లోపల తెలుస్తాది."

"అక్కడ మాత్రం నీకెవరున్నారని?"

"అక్కడ నాను ఒంటరిదాన్నని నీకెవులు సెప్పినారే?" అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. "పక్కింటి ముసిలామెకి రోజూ సుగరు సూది నానే పొడవాల. గురువారం సమాజం. చర్చిలో పెళ్లిళ్లకి పిండివంటలంటే నన్నే పిలుస్తారు. మాపటేల నాగావళి ఒడ్డుకి నలుగురం ఎల్లి కూకుంటాం, ఒకరి మీద ఒకరు సాడీలు సెప్పుకుంటాం. రాత్రి ఇంటికొచ్చి తలుపేసుకుని ఆయనతోటి నాలుగు మాటలు మాటాడుకుని తొంగుంటాను. నాకు బాగానే ఉన్నాది. ఒంటరిదానివి నువ్వే. నన్ను సూసి కట్టినాననుకున్నావు గానీ నీ కోసం కట్టుకున్నావే ఈ ఇల్లు."

ఆమె నా చెయ్యి పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది. నాడి చూసే చోటే పట్టుకుంది, అదీ అలవాటే.

"నా మాటలు నీకు ఇనబడ్డాయి సరే. నీ మాటలు నాకు ఇనబడవనుకున్నావా?"

"నేనేమన్నాను?"

"నీకు తెల్దా?" అని నా మొహంలోకి చూసింది. "కూరగాయలు కోస్తా మాటాడతావు. మొక్కలకి నీళ్లు పోస్తా మాటాడతావు. నాను నీ ఎనకే ఉన్నా నీకు సోయుండదు. అప్ప ఉండిపోతాది, ఎండాకాలం పోతే మరెక్కడికెల్తాది, ఉండిపోతాది, అని. రోజూ అదే. పొద్దుట్నించి సాయంత్రం దాకా అదే ఇంటా ఉంటే నానెలగ సంచీ సర్దుకోనే?"

నాకు నిజంగా తెలియదు. ఎన్నేళ్లుగా అలా బయటికి మాట్లాడుకుంటున్నానో, ఫ్లాటులో ఉన్నప్పుడు కూడా మాట్లాడేదాన్నో ఏమో. వినేవాళ్లుంటే కదా ఎవరైనా చెప్పేది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆమె నా చెయ్యి వదలకుండా, రెండో చేత్తో మళ్లీ పప్పు ఏరుకుంది.

ఆ వారంలోనే వెళ్లిపోయింది. నేనే సంచులు సర్దాను. జీడిపప్పు ఒక డబ్బాలో పోసి, వద్దంటున్నా కుక్కాను. ఆటో గేటు దగ్గరికొచ్చింది. దక్షిణం వైపు నుంచి, యముడి దిక్కునుంచే బయటికి నడిచాం. ఆటో ఎక్కాక తల బయటికి పెట్టి, "ఆదివారం ఆరాధనకి రా. మా ఇంటికాడే బోంచేద్దువు. రాత్రికుండకు, సోటు నేదు" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. ఆటో జీడితోట మలుపు తిరిగేదాకా నవ్వుతూనే నిలబడ్డాను, ఆమె వెనక్కి తిరిగి చూస్తుందని.

లోపలికొచ్చాను. పొద్దు వాలుతోంది. దక్షిణం గాలి లేచింది. నేను కాగితం మీద గీసిన బాణాలు ఎటు తిరిగాయో అటే తిరిగి, సావిడి దాటి, గదుల్లోకి పోయి, గోడల మీంచి బయటికి పోతోంది. ఎక్కడా తప్పు లేదు. తోటలో ఇంకా ఉక్కగా ఉన్నా ఇంట్లో చల్లగా ఉంది. ఈ ఇంటిని చూడడానికి ఇప్పటికీ కాలేజీ పిల్లలు బస్సులో వస్తారు, గోడలు తడుముతారు, ఫోటోలు తీసుకుంటారు. ఎంత హాయిగా ఉందో అంటారు. నిజమే, హాయిగానే ఉంటుంది.

ఆ సాయంత్రం ఆకలేయకపోయినా కత్తిపీట ముందు కూర్చున్నాను. ఒక్క మనిషికి రెండు వంకాయలు చాలు. కోస్తుంటే ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడింది. "టెక్కలిలో బస్సు దొరికుంటాది. కిటికీ పక్కన సీటు దొరికుంటాది. నరసన్నపేట దాటుంటాది" అని. చెయ్యి ఆపి విన్నాను. నా గొంతే.

టక్కున నోరు మూసుకున్నాను. అప్ప గది వైపు చూశాను. కర్టెన్ గాలికి లోపలికీ బయటికీ ఊగుతోంది. మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. ఇప్పుడు నా మాటలు ఎవరికీ బరువు కావు. నోరు మూసుకుని ఉండాల్సిన అవసరం ఆ ఇంట్లో లేదు. కోసిన వంకాయ ముక్కలు నీళ్లలో వేశాను. తర్వాత మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి తెలిసే.

"ఉండిపోతే ఏటి పోయేదే అప్పా" అన్నాను. ఆ గదిలోకి వినబడేంత గట్టిగానే అన్నాను.